దారి లేని ఆకాశము



2023 సెప్టెంబరు మొదటి వారములో రెండు అంతరిక్ష ప్రయాణములు మొదలైనవి. ఒకటి లోకమెరిగినది. 2వ తేదీ ఉదయము 11 గంటల 50 నిమిషములకు శ్రీహరికోటలో పి.ఎస్.ఎల్.వి.-సి57 నేల విడిచి, సూర్యుని పరిశీలింపబోవు ఆదిత్య-ఎల్1 ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరముననున్న తన నెలవును చేరుటకు దానికి సుమారు నాలుగు నెలలు పట్టినది. రెండవ ప్రయాణము ఇండ్లలో, కంప్యూటరు తెరల ముందు మొదలైనది. 6వ తేదీన అమెరికా దేశపు బెథెస్డా గేమ్ స్టూడియోస్ వారు ‘స్టార్‌ఫీల్డ్’ అను వీడియో గేమును లోకమునకు విడుదల చేసినారు. వేయికి మించిన గ్రహములు గల ఆ కల్పిత విశ్వములో లక్షలాది జనులతోపాటు నేనును సంచరించుచున్నాను. ఆ సంచారము ఇంకను ముగియలేదు. ప్రధాన కథయే నాకు చాలవరకు మిగిలియున్నది. తొలి పరిచయములో మనసున నిలిచిన భావములను, వానికి నాకు తోచిన కారణములను నేడు మీతో ముచ్చటించెదను.

శ్రోతలలో వీడియో గేమును ఎన్నడును చేతబట్టని వారు పెక్కుమంది ఉందురు గనుక, మొదట దీని స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. చదరంగమునకువలె దీనికి గెలుపోటములు ప్రధానములు కావు. ఆడువాడు ఒక పాత్రను తానే కల్పించుకొని, దాని రూపురేఖలను, పూర్వవృత్తిని, స్వభావమును నిర్ణయించి, ఆ పాత్రయై ఒక లోకములో ప్రవేశించును. ప్రవేశించిన పిమ్మట ఏ దిక్కునకు పోవలెనో, ఎవరితో చెలిమి చేయవలెనో, ఎవరి మాట నమ్మవలెనో, ఏ పని చేపట్టి ఏ పని విడువవలెనో అంతయు అతని ఇష్టము. కథ అతనికొరకు కాచుకొనియుండును. అతడు కథను మరచి కొండ వెంట నడచిపోయినను అడ్డగించువారు లేరు. నాటకములో నటునికున్న తన్మయత్వమును, నవలా పాఠకునికున్న కుతూహలమును, తీర్థయాత్రికునికున్న స్వేచ్ఛను ఒక్కచోట కూర్చవలెనని ఈ కళారూపము ఆశపడుచున్నది. ఆశ ఎంతవరకు ఫలించినదన్న విచారణకు ఇది యోగ్యమైన వస్తువే అని నా దృఢాభిప్రాయము.

టాడ్ హోవర్డ్ గారి నాయకత్వమున బెథెస్డా సంస్థవారు 2011లో ‘స్కైరిమ్’ అను ఆటను రచించి, మంచుకొండల నడుమ ఒక పురాతన రాజ్యమును నిర్మించి పేరుగాంచినారు. పాతికేండ్ల తరువాత తాము పూర్తిగా క్రొత్తగా కల్పించిన లోకము స్టార్‌ఫీల్డే అని వారు చెప్పుకొన్నారు. 2018లో దీని పేరును ప్రకటించినారు. అటుపిమ్మట ఐదేండ్లు నిరీక్షణయే. ఈ నడుమ 2021లో మైక్రోసాఫ్ట్ వారు బెథెస్డాను, దాని మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకు కొనిరి. 

కథాకాలము 2330వ సంవత్సరము. వెక్టెరా అను ఒక చిన్న ఉపగ్రహపు గనిలో మనము కూలివారము. రాతిని కోయుచుండగా ఒక వింత లోహఖండము బయల్పడును. దానిని ముట్టగనే కన్నులయెదుట వెలుగులు, స్వరములు సుడిగొని స్మృతి తప్పును. మేలుకొనిన కొంతసేపటికి ఆ ఖండము కొరకు ఒక ఓడ వచ్చును. అట్టి ఖండములను వెదకుచున్న ‘కాన్స్టెలేషన్’ అను అన్వేషకుల సంఘము మనలను తనలో చేర్చుకొనును. మానవజాతి నక్షత్రములనడుమ స్థిరపడి, నగరములు కట్టి, యుద్ధములు చేసి అలసి, క్రొత్తదానిని వెదకు కోరికనే మరచిన కాలమది. ఆ కోరికను విడువని కొలదిమంది ఒక పాత భవనములో పుస్తకములనడుమ కూర్చుండి వాదించుకొనుచుందురు. సమస్తము కనుగొనబడినదని లోకము నమ్మిన తరుణమున ఇంకను ఏదో కలదని పట్టుబట్టువారి సాంగత్యము నాకు మొదటి గంటలోనే ఆప్తమైనది.

పాత్రను మలచుకొనుచోట ఒక చిన్న ఏర్పాటు నన్ను కదలించినది. అనేక లక్షణములు ఒక పట్టికలో ఉండును, మూడింటివరకు ఎంచుకొనవచ్చును. తల్లిదండ్రులు జీవించియుండుట అందులో ఒకటి. దానిని ఎంచుకొన్నచో న్యూ అట్లాంటిస్ అను రాజధానిలో వారు కాపురముందురు; మనము చేసుకొన్న ముఖమునకు పోలికగా వారి ముఖములుండును; మన సంపాదనలో కొంత భాగము వారమువారము దానంతట అదియే వారికి చేరుచుండును. చెన్నైకో గల్ఫు దేశములకో అమెరికాకో పోయి నెలనెలా ఇంటికి డబ్బు పంపు బిడ్డలు మన జిల్లాలో ఎన్ని గడపలలో లేరు! సముద్రపు దొంగలవంటి ఓడదొంగలతో పోరాడి, పరాయి గ్రహముల ధూళితో తిరిగివచ్చిన కొడుకును తలుపు తెరచి, సామాన్యముగా క్షేమమడుగు తల్లిని ఈ బ్రహ్మాండములో ఉంచవలెనని తోచినవారు మనుష్యుల హృదయమెరిగినవారు.

వస్తువుల విషయమున ఈ ఆటవారి శ్రద్ధ అసామాన్యమైనది. నక్షత్రయానమనగా నునుపైన వెండిగోడలు, మాయాదీపములు చూపుట కల్పనాకారులకు పరిపాటి. వీరు అట్లు చేయలేదు. అపోలో కాలపు అమెరికా అంతరిక్ష సంస్థ ‘నాసా’ యంత్రములు మూడువందల యేండ్లు సహజముగా వికసించినచో ఎట్లుండునో ఊహించి, ఆ బాణీకి ‘నాసాపంక్’ అని పేరుపెట్టుకొన్నారు. మీటలు, గొట్టములు, కుట్లు కనిపించు గుడ్డపొరలు, పిడులపై అరిగిపోయిన రంగు, ప్రతి పెట్టెపైన అంటించిన కాగితపు గుర్తు. బల్లపైనున్న కలము, కాఫీ కప్పు, సగము తిన్న రొట్టె. వీనినన్నిటిని చేతితో తీయవచ్చును, మరొకచోట పెట్టవచ్చును, పెట్టినచోటనే అవి ఉండును. ఓడలో విద్యుత్తు చెడి కృత్రిమ గురుత్వము తొలగినప్పుడు అవే వస్తువులు మెల్లగా లేచి గదినిండ తేలును. చిన్న ఉపగ్రహముపై కాలు మోపి ఒక్క గంతు వేసినచో శరీరము ఎంతసేపటికో గాని నేలకు దిగదు. పెద్ద గ్రహముపై అదే గంతు అడుగు ఎత్తున అణగారిపోవును. భౌతికశాస్త్ర పుస్తకములో వాక్యముగా చదివిన గురుత్వభేదము ఇట్లు కాళ్ళకు తెలియుట ఈ కళకు మాత్రమే సాధ్యమైన బోధన అని నేను తలంచుచున్నాను.

ఇక ఆ కథలోని భూమి. అయస్కాంత కవచమును కోల్పోయి, గాలి హరించిపోయి, సముద్రములింకి, ఒక శతాబ్దమునకు పైగా అది ఇసుకగోళమై పడియున్నది. సౌరకుటుంబపు పటములో దానిని ఎంచుకొని దిగవచ్చును. గోళమును వ్రేలితో త్రిప్పి, భారత ద్వీపకల్పపు తూర్పు అంచున మా తీరము ఇక్కడ ఉండవలెనని అంచనా వేసుకొని నేను దిగినాను. దిగంతము వరకు గోధుమవర్ణపు ఇసుక, రాళ్ళు. పులికాటు సరస్సు లేదు, నేలపట్టు పక్షికేంద్రపు చెట్లపై గూళ్ళుకట్టు గూడబాతులు లేవు, స్వర్ణముఖి నది పారిన జాడ లేదు. ఆట రచించినవారికి ఈ పేర్లు తెలియవు. ఆ శూన్యము యంత్రము పరచిన శూన్యమే. అయినను అక్కడ నిలబడిన కొంతసేపు నా గొంతు పట్టివేసినదని దాపరికము లేక చెప్పుచున్నాను. మన ఊరు లేని భూమిని చూపుటకు ఏ ఉపన్యాసమునకును ఇంత బలము లేదు.

ఆ మృతభూమిపై కొన్ని ఆనవాళ్ళను మాత్రము నిలిపినారు. గీజా పిరమిడ్లు కలవు; లండనులోని షార్డ్ అను గాజుశిఖరము కలదు. వానిని చేరుటకు ఒక చక్కని నియమము పెట్టినారు: ఆయా చోటును తలపించు పుస్తకము ఆట లోపల ఎక్కడనో దొరకవలెను, దానిని తెరచి చదువవలెను, అప్పుడే ఆ స్థలము పటముపై వెలయును. చార్లెస్ డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ నవల తెరచినవానికి లండను దొరకును. ఇంత సొగసైన ఊహలో భారతదేశపు కట్టడము ఒక్కటియు లేకపోవుట నాకు లోటుగా తోచినది. ఆటలోని మాటలను చదువుకొనుటకు వారు ఏర్పరచిన భాషలలో కూడ భారతీయ భాష ఏదియు లేదు.

ఇప్పుడు వేయి గ్రహముల మాట విచారింతము. మనుష్యులు కూర్చుండి ఒక్కొక్క కొండను చెక్కినచో ఈ పని జన్మలో తెమలదు. గణితసూత్రమొకటి రచించి, దానికి ఒక సంఖ్యను విత్తనముగా ఇచ్చినచో, అది ఆ విత్తనమునుండి పర్వతములను, లోయలను, రాళ్ళను, రంగులను పెంచును. అదే విత్తనమిచ్చిన ఎన్నిసార్లైనను అదే లోకము మొలచును. ఉపాయము క్రొత్తది కాదు. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అను ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తిగల కంప్యూటరుకొరకు ‘ఎలైట్’ అను ఆటను వ్రాసి, అందులో ఎనిమిది నక్షత్రమండలములను, ఒక్కొక్కదానిలో 256 గ్రహములను ఇమిడ్చినారు. 2016లో బ్రిటనునందే హెలో గేమ్స్ అను చిన్న సంస్థ ‘నో మ్యాన్స్ స్కై’ అను ఆటలో రెండును అరువదినాలుగుమార్లు హెచ్చించిన సంఖ్యకు సమానముగా గ్రహములను సృజించినది. లెక్కకు వ్రాసినచో ఇరువది అంకెలగును. కావున స్టార్‌ఫీల్డునందలి వేయి అను సంఖ్యకు నేను ఆశ్చర్యపడలేదు. నా కంప్యూటరులో 125 గిగాబైట్ల చోటు ఆక్రమించిన ఈ ఆటలో నాకు ఆశ్చర్యము గొలిపినవి మనుష్యహస్తము తాకిన నాలుగైదు నగరములే. చేపలు పట్టుటకు సముద్రముమీద కట్టిన వేదికపై మత్తుమందు వ్యాపారముతో పెరిగిన నియాన్ నగరపు తడిసిన వీధులు, క్రూరమృగములకు వెరచి గోడ కట్టుకొన్న అకీలా ఊరి బురదబాటలు, అంగారకుని గర్భములో గనివారు తొలిచిన సైడోనియా సొరంగములు: వీనిలో ఒక్కొక్క మూలకు ఒక కారణము, ఒక్కొక్క మనిషికి ఒక గోడు కలదు. యంత్రము పెంచిన గ్రహములలోనో, ఒకచోట విడువబడిన ప్రయోగశాల మరియొక నక్షత్రమునొద్ద అదే గదులతో, అదే బల్లతో, అదే మూలన పడియున్న అదే కాగితముతో మరల ఎదురగును. మొదటిసారి అక్కడ చనిపోయినవారి కొరకు జాలిపడిన మనసు రెండవసారి మోసపోయినట్లు ముడుచుకొనును.

గ్రహములలో అధికభాగము జీవము లేనివి. పదింట ఒకదానియందే ప్రాణులుండునని నిర్మాతలే చెప్పియున్నారు. ఇందులకు నేను వారిని తప్పుపట్టను. ఆకాశము నిజముగా అట్టిదే. అయినను ఆ శూన్యములో చాలమందికి విసుగు పుట్టుచున్నది. ఈ ఫిర్యాదు చెవినబడి, ఆ సంస్థలోని పెద్దలలో ఒకరు, చంద్రునిపై దిగిన వ్యోమగాములకు అక్కడ ఏమియు కనబడకున్నను విసుగు కలుగలేదు గదా అని పత్రికలవారికి సమాధానమిచ్చినారు. ఈ సమాధానమే నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. వ్యోమగాములకు విసుగు కలుగలేదు, నిజమే. ఏల కలుగలేదు? వారు మూడు లక్షల ఎనుబదినాలుగు వేల కిలోమీటర్లు దాటి వచ్చినారు. నిప్పుస్తంభముపై కూర్చుండి లేచినారు. కిటికీలో భూమి చిన్నదగుట పగలు రాత్రి చూచినారు. చివరి నిమిషములలో ఇంధనము చాలునో చాలదో అని ఊపిరి బిగపట్టినారు. అంత దారి నడచివచ్చినవానికి బూడిదనేలపై గులకరాయి కూడ దర్శనీయమగును. స్టార్‌ఫీల్డు ఆ శూన్యమును యథాతథముగా చూపినది. ఆ శూన్యమునకు విలువనిచ్చు దారిని మాత్రము తుడిచివైచినది.

ఎట్లనగా, 2023లో విడుదలైన నాటి ఆటలో, నేలపైనున్న ఓడలోనికెక్కి మీట నొక్కినచో ఓడ లేచు దృశ్యమొకటి కొన్ని క్షణములు కనబడును, తెర నల్లనగును, మరుక్షణము మనము కక్ష్యలో ఉందుము. పటము తెరచి, నాలుగు కాంతిసంవత్సరములకు మించిన దూరముననున్న ఆల్ఫా సెంటారీని ఎంచి మరల మీట నొక్కినచో ఒక మెరుపు, మరల నల్లతెర, ఆపైన క్రొత్త సూర్యుడు. ఓడలోని ఆసనమునైనను చేరనక్కరలేదు. ఒక నగరపు వీధిలో నిలబడి పటముమీద మరియొక గ్రహమును తాకి అక్కడ కన్ను తెరవవచ్చును. అప్పటికి నేలమీద వాహనము లేదు, కాలినడకయే. ఆ నడకయైనను చాలదూరము సాగినచో ఇంతకు మించి పోరాదని తెరపై అక్షరములు అడ్డుపడును. వేయి లోకములు కలవు గాని ఒకదానికిని మరొకదానికిని నడుమ ఏమియు లేదు. ముందు చెప్పిన ‘నో మ్యాన్స్ స్కై’లో నేలనుండి మేఘములను చీల్చుకొని ఓడను మనమే నడుపుచు నల్లని ఆకాశమును చేరుదుము, ఎంత చిన్న సంస్థయో అంత పెద్ద పని చేసినది. ఆ ఆటలో మనుష్యులు పలుచన, కథ పలుచన. అయినను ఆకాశము అవిచ్ఛిన్నము.

నాకు ఈ లోపము ఇంత గట్టిగా తగులుటకు నేను నాయుడుపేట వాసినగుట కారణము కావచ్చును. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు రహదారిని శ్రీకాళహస్తి, తిరుపతి దారి కలిసికొనుచోట, స్వర్ణముఖి ఒడ్డున మా ఊరున్నది. ఉత్తరమునుండి వచ్చు తిరుమల కొండయాత్రికుల బస్సులు ఇక్కడ మలుపు తిరుగును. ఇక్కడినుండి దక్షిణముగా సూళ్ళూరుపేటకు పోయి, తూర్పునకు తిరిగి, రెండువైపుల పులికాటు నీరు, శీతకాలమైనచో రాజహంసల బారులు చూచుచు పోయినచో శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో మొదలైన ఆ కేంద్రము మాకు పక్షి ఎగిరినంత దారిలో నలుబది కిలోమీటర్ల దూరమున ఉన్నది. ప్రయోగమున్ననాడు మిద్దెలపైకి పిల్లలు, పెద్దలు ఎక్కుదురు. ఆగ్నేయమున చెట్లపైన ఒక నిప్పుచుక్క మెల్లగా లేచును, దాని వెనుక తెల్లని పొగదారి వంగుచు సముద్రముపైకి సాగును, అంతసేపును నిశ్శబ్దము. గాలిలో ధ్వని మా దాకా నడచి వచ్చుటకు రెండు నిమిషములు పట్టును గనుక, ఆ గర్జన వినవచ్చిన దినములలో, అది మా చెవిని తాకునప్పటికి చంద్రయానమును మోసిన పెద్ద రాకెట్టుయొక్క రెండు పార్శ్వదండములు మండిముగిసి ఊడిపోవు వేళయగును. కన్ను చూచినదానికిని చెవి విన్నదానికిని నడుమనున్న ఆ రెండు నిమిషములలో దూరమనునది ఏమిటో మా పిల్లలకు ఎవరును చెప్పకయే తెలియును.

2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 తన గమ్యమునకు చేరుటకు నలుబది దినములు తీసికొన్నది. భూమిచుట్టు తిరుగుచు తిరుగుచు కక్ష్యను మెట్టుమెట్టుగా పెంచుకొన్నది. ఆగస్టు 1న చంద్రుని దారి పట్టినది. 5న చంద్రుని కక్ష్యలో చిక్కినది. 17న దాని దిగు ఓడయైన విక్రమ్ విడివడినది. 23 సాయంత్రము 6 గంటలు దాటగనే నేల తాకినది. 2019 సెప్టెంబరులో దాని అగ్రజుడైన చంద్రయాన్-2 చివరి క్షణములలో కూలిన జ్ఞాపకము ఆ నలుబది దినములును జనుల మనసులలో ఉన్నది. కావుననే టీకొట్టు బల్లలపై కూర్చున్నవారు సైతము కక్ష్యల లెక్కలు చెప్పుకొనినారు. దిగిన పిమ్మట ఇరువదియారు కిలోల ప్రజ్ఞాన్ బండి సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున ప్రాకి, నాలుగు మీటర్ల గుంట ఎదురుకాగా వెనుదిరిగి, అంతయు కలిపి సుమారు నూరు మీటర్లు నడచినది. నూరు మీటర్లు! స్టార్‌ఫీల్డులో నేను ఒక్క రాత్రి పదునెనిమిది లోకములపై కాలు మోపగలను. ప్రజ్ఞాన్ నడచిన ఆ నూరు మీటర్లలో ప్రతి అడుగును నేను జ్ఞాపకముంచుకొన్నాను. ఆటలో మొన్న దిగిన గ్రహముల పేర్లు నేడు తలపునకు వచ్చుట లేదు.

ప్రయోగ సమయమున అంకెలను అవరోహణక్రమమున వినిపించు కంఠములు శ్రీహరికోట కేంద్రమునకు కలవు. అట్టి కంఠములలో ఒకరైన వలర్మతి గారు 2023 సెప్టెంబరు ఆరంభమున చెన్నైలో పరమపదించినారు. ముఖమెరుగని కోట్లాది జనులు ఆమె స్వరముతో కలిసి శ్వాస బిగపట్టినారు. ఓడ లేచుటకు ముందు ఆ పది అంకెలలోనే ప్రయాణము సగము జరిగిపోవునని మాకు తెలియును. ఈ ఆటలో ఆ పది అంకెలకును చోటు లేదు.

ఆటలో దారి లేదన్న నా ఫిర్యాదునకు యువకుల సమాధానము నేను విననిది కాదు. ఆటకు కూర్చున్నవానికి గంటయో రెండు గంటలో తీరిక; నలుబది దినములు ఎవడు కాచుకొనును, నడుమనున్న శూన్యమును దాటించుటయే ఉపకారము గదా అని వారందురు. ఇందు న్యాయమున్నది. నిజకాలమును కొలిచినట్లు చూపుమని నేనును కోరను. కాని కాలమును కుదించుట వేరు, దారిని తీసివేయుట వేరు. వాల్మీకి మహర్షి ఈ సమస్యనే ఎదుర్కొన్నాడు. హనుమంతుడు మహేంద్రగిరి నుండి లంకకు నూరు యోజనములు లంఘించినాడని ఒక్క శ్లోకములో చెప్పి, మరుక్షణము అతనిని లంకాద్వారమున నిలుపవచ్చును. కవి అట్లు చేయలేదు. సుందరకాండ మొదటి సర్గయంతయు, ఆ కాండములో మిక్కిలి దీర్ఘమైన సర్గను, ఆ ఒక్క గంతుకే ఇచ్చినాడు. కొండ కాలిక్రింద నలిగినది, చెట్లు వేళ్ళతోసహా వెంట లేచి కొంత దూరము సాగనంపి సముద్రమున రాలినవి. మైనాకుడు విశ్రమింపుమని లేచినాడు, సురస నోరు తెరచినది, సింహిక నీడను పట్టి లాగినది. లంక చేరునప్పటికి ఆ నగరము ఎంత దూరమో, ఇంటికి మరలి రావలెనన్న ఎంత బలము కావలెనో మనకు ఎరుకపడినది. తిరిగివచ్చునపుడు పుష్పకమునుండి రాముడు సీతకు అదే నేలను, అదే సముద్రమును క్రింద చూపును. ఎక్కడ ఏమి జరిగినదో చెప్పుచు వచ్చును. దారిని కథగా మార్చుట విసుగునకు మందని మన తొలికావ్యమే నిరూపించియుండగా, కంప్యూటరు కవులకు అది అసాధ్యమని నేనెట్లు ఒప్పుకొందును? ఓడ నక్షత్రములనడుమ సాగుచుండగా సహచరులు భోజనమునకు చేరి మాట్లాడుకొనుట, యంత్రమొకటి చెడుట, దూరమున ఆపదలోనున్న ఓడనుండి పిలుపు వచ్చుట; ఇవన్నియు ఈ ఆటవారికి చేతకానివి కావు, ముక్కలుముక్కలుగా చేసియున్నారు గూడ. కక్ష్యలో నిలిచియున్నపుడు పొరుగు ఓడలవారు పిలిచి పలుకరించు ఘట్టములు ఆటలోకెల్ల మనోహరములైనవి. వానిని దారిపొడుగున పరచుటకు వారికి దారియే లేకపోయినది.

సహచరుల సంభాషణలను గూర్చి ఒక్క మాట. కాన్స్టెలేషన్ అధ్యక్షురాలైన సారా మోర్గన్ మొదలుకొని వాస్కో అను మరమనిషి వరకు అందరికిని చెప్పుకొనుటకు కథలున్నవి. మనము చేసిన మంచిచెడ్డలకు వారు సంతోషింతురు, నొచ్చుకొందురు. మాట బాగున్నది, మాటాడు ముఖము మాత్రము బిగిసియుండును, కన్నులు మనలను గ్రుచ్చి చూచును. ఇనోన్ జుర్ గారి సంగీతము ఈ కొరతను చాలవరకు కప్పుచున్నది. నిర్జన గ్రహముపై సూర్యుడు క్రుంకుచుండగా తంత్రీవాద్యములు మెల్లగా లేచిన ఘడియలలో ఆటను నిలిపి ఊరక కూర్చుండిపోయినాను. ఇది పదునేడేండ్లు నిండినవారికని అమెరికాలో ముద్రవేసిన ఆట యనియు, ఇందు హింస, మత్తుపదార్థముల ప్రసక్తి కలవనియు తల్లిదండ్రులు ఎరిగియుండుట మంచిది.

ఆటకు తమ కల్పనలను జోడించుకొనుటకు వలయు పనిముట్లను 2024లో నిర్మాతలు ఆడువారి చేతికిచ్చినారు. స్కైరిమ్‌కు 2012లో అట్టి పనిముట్లిచ్చినప్పటినుండి లోకమునందలి ఔత్సాహికులు దానికి క్రొత్త ఊళ్ళను, క్రొత్త కథలను చేర్చుచునే ఉన్నారు. హైదరాబాదులోను బెంగళూరులోను పరదేశపు ఆటలకు బొమ్మలు గీయుచు, లెక్కలు వ్రాయుచు జీవించు తెలుగు యువతీయువకులు వేలకొలది కలరు. సూళ్ళూరుపేట, గూడూరు, నాయుడుపేట ఇంజనీరింగు విద్యార్థులలో ఈ ఆటను నాకంటె బాగుగా ఎరిగినవారిని నేను కలిసినాను. వారికి నా మనవి ఇది. ఆ పనిముట్లను చేతబట్టి, గాలి లేని ఆ భూమిమీద పటములో మన తీరమెక్కడనో సరిగా గుర్తించి, శ్రీహరికోట రెండవ ప్రయోగవేదికను, దాని మెరుపుస్తంభములను, పులికాటు ఎండిన మడుగును, దాని నడుమ పాడుపడిన రహదారిని కట్టుడు. అక్కడికి దారి చూపు పుస్తకముగా మన తెలుగు పుస్తకమునే ఒకదానిని పెట్టుడు. ఏ పుస్తకమన్న విషయమున మీలో మీరు పోట్లాడుకొన్నను నాకు సంతోషమే. చేతనైనచో సూళ్ళూరుపేట స్టేషను నుండి ఆ వేదిక వరకు ఆడువాడు మెరుపుతో దూకక, రోడ్డుమీదుగానే నడచిపోవునట్లు చేయుడు.